కిటికీ కింద పొయ్యి, బల్ల మీద గ్రాఫీన్

నా వీడ్కోలు సభలో అయిదారుగురు మాట్లాడారు. ఒకాయన నన్ను సరస్వతీ పుత్రిక అన్నాడు. మా అమ్మీ వింటే కడుపు పట్టుకొని నవ్వేది. ఇంకొకాయన విద్యార్థులకు కన్నతల్లి లాంటిది అన్నాడు. ల్యాబ్‌లో నా చేత తిట్లు తినని వాళ్లు లేరు గనుక వెనక వరుసలో గట్టిగానే దగ్గులు వినిపించాయి. శాలువా కప్పారు, ఫోటో దిగాం, అందరూ బిర్యానీ వైపు కదిలారు. ఇన్నేళ్లూ నేను ఏ పని చేశానో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్లను తప్పు పట్టను. కంటికి కనపడని పొరలతో బతుకు గడిపిన మనిషి గురించి ఏం చెబుతారు?

అందుకని నేనే రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు.

నా పేరు రజియా. పుట్టింది మానుకోటలో. కాగితాల మీద దాని పేరు మహబూబాబాద్, మా నోట మాత్రం మానుకోటే. అబ్బా, అంటే మా నాన్న, స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసేవారు. ఇంట్లో దక్కనీ, గడప దాటితే తెలుగు. చదువయ్యాక జనగామలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలు. నేను చెప్పే రోజుల్లో అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి.

ఒక్క పొర

పెన్సిల్‌తో కాగితం మీద గీత గీయండి. ఆ నల్లది గ్రాఫైటు. అది పొరలు పొరలుగా ఉంటుంది. అలా ఒలుచుకుంటూ పోతే చివరికి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పొర మిగులుతుంది. దాన్నే గ్రాఫీన్ అంటారు. కరెంటు అందులో పరుగెత్తినంత చురుగ్గా మనం రోజూ వాడే చిప్పుల్లో పరుగెత్తదు. ఈ శతాబ్దం మొదట్లో దాన్ని మామూలు అతుకుడు టేపుతో ఒలిచి చూపించేసరికి ప్రపంచమంతా దాని వెంట పడింది. టేపుతో అయ్యే పనైతే మనమూ చేయగలం కదా అని మేమూ పడ్డాం.

అదే మొదటి పాఠం. టేపుతో ఒలవడం ఎవరైనా చేస్తారు. ఒలిచిన దాన్ని నున్నటి సిలికాన్ పలక మీద అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ చెత్తలో ఒక్క పొర ఎక్కడుందో పట్టుకోవడం అసలు పని. పలక మీద అది లేత ఊదా రంగు మరకలా కనిపిస్తుంది. చాలాసార్లు ఆ మరక గ్రాఫీన్ కాదు, టేపు జిగురు. నెల్లికుదురు నుంచి వచ్చిన ఒక విద్యార్థి జిగురు మరకను చూసి ఎగిరి గంతేసి, హాస్టల్‌లో అందరికీ మిఠాయి పంచాడు. నిజం తెలిశాక నాలుగు రోజులు ల్యాబ్ గుమ్మం తొక్కలేదు. మీరు కూడా ఏదో ఒక రోజు జిగురుకు మిఠాయి పంచుతారు. సిగ్గుపడకండి, కానీ రెండోసారి పంచకండి.

గ్రాఫీన్‌తో ఒక చిక్కుంది. అందులో కరెంటును పూర్తిగా ఆపలేం. ఆగని కరెంటుతో స్విచ్చు ఎలా చేస్తాం? అందుకే మాలిబ్డినం డైసల్ఫైడు లాంటి వేరే పొరల వెంట కూడా పోయాం. ఆ పొడిని యంత్రాలకు కందెనగా పూస్తారు. దాన్ని ఒక్క పొరగా ఒలిస్తే స్విచ్చుకు పనికొస్తుంది. ఇలాంటి సంగతులు మిమ్మల్ని ఈ పనిలో కట్టిపడేస్తాయి. నన్ను కట్టిపడేశాయి.

ఇంకో గుణం చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని వల్లే. ఇంత పలచని వస్తువుకు లోపల అంటూ ఏదీ ఉండదు. అంతా పైభాగమే. గాలిలో ఏది వచ్చి తాకినా దానిలో నడిచే కరెంటు మారుతుంది. అందుకే దానితో వాయువులను పసిగట్టే పరికరాలు చేయొచ్చు. అందుకే అది మహా మాయలాడి కూడా. ఏది తాకిందో చెప్పదు, ఏదో తాకిందని మాత్రం చెబుతుంది.

ఇద్దరు పెద్దలు

నాకు పని నేర్పిన వాళ్లు ఇద్దరు. ఒకరిని మొదట ద్వేషించాను, ఒకరిని మొదటి నుంచీ ప్రేమించాను.

మొదటాయన వెంకటనారాయణ గారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్‌లో ప్రొఫెసర్, కోస్తా మనిషి. శిక్షణ కోసం నన్ను ఆయన దగ్గరికి పంపారు. నేను నోరు తెరిచిన మొదటి రోజే పక్కవాళ్ల వైపు తిరిగి, "వీళ్ల గిట్ల గట్ల వింటుంటే సినిమాలో కామెడీ ట్రాకు గుర్తొస్తుందయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంట్లో మాట్లాడే దక్కనీని ఎవరైనా వెక్కిరిస్తే అలవాటే, తెలుగును కూడా వెక్కిరిస్తే ఇక ఏ భాషలో మాట్లాడాలి?

అయితే ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఎంత గొప్ప ఫలితం పట్టుకొచ్చినా ముందు దాన్ని చూసేవాడు కాదు. చెయ్యి చాచి, "ఖాళీది చూపించండి" అనేవాడు. పొర పెట్టని ఖాళీ పలక మీద, వాయువు వదలని ఖాళీ గాలిలో తీసిన కొలత అన్నమాట. అది లేకపోతే మీ కాగితాలు ముట్టుకునేవాడు కాదు. నేనొకసారి ఎదురు తిరిగాను.

"ఏమీ లేని దాన్ని కొలిస్తే ఏమొస్తది సార్?"

"మీరు ఏమీ లేనప్పుడు కూడా ఏదో చూస్తున్నారేమో తెలుస్తుందమ్మా."

ఆ మాట నన్ను జన్మంతా నడిపించింది. నా భాషను ఎగతాళి చేసిన మనిషే నాకు ఈ వృత్తిని ఇచ్చాడు. రెండూ నిజమే. ఒకదాని కోసం రెండోదాన్ని దాచను.

రెండో ఆయన భిక్షపతి సార్, మా కాలేజీ ప్రిన్సిపాల్. ఊరూరా తిరిగి పిల్లలను చదువుకు పట్టుకొచ్చేవాడు. నర్మెట్టలో పత్తి చేల మీద, గంగారం అడవి గూడేల్లో ఆయన పేరు చెబితే ఇప్పటికీ మంచినీళ్లతో పాటు చాయ్ కూడా ఇస్తారు. గ్రాఫైటును ఆసిడ్‌లో నానబెట్టి పొరలు విడదీసే పద్ధతి ఒకటుంది. అందులో ఆసిడ్ వేడెక్కకుండా చుట్టూ ఐసు ఉండాలి, వేడెక్కితే గిన్నెతో పాటు మనమూ పోతాం. కరెంటు కోతల రోజుల్లో ల్యాబ్ ఫ్రిజ్‌లో ఐసు ఎక్కడిది? సార్ తన స్కూటర్ మీద ఐసు దిమ్మను గోనె సంచిలో చుట్టి, పైన ఊక పోసుకొని తెచ్చేవాడు. ప్యాంటంతా తడిసి మెట్లు ఎక్కుతూ, "రజియమ్మా, కరిగిపోతంది, జల్ది!" అని అరిచేవాడు. ప్రిన్సిపాల్ ఐసు మోసే ల్యాబ్‌లో పనిచేశానని నేను ఈ రోజుకీ గర్వంగా చెప్పుకుంటాను.

సరిత పెట్టె

సరిత భూపాలపల్లి పిల్ల. ఎమ్మెస్సీ చివరి ఏడు ప్రాజెక్టు నా దగ్గర చేసింది. వాళ్ల బాపు మొగిలయ్య బొగ్గు గనిలో లోపలికి దిగి పనిచేసే కార్మికుడు. ఈమె బడిలో ఉన్నప్పుడు ఒకసారి ఆయన లోపల గాలి చెడి పడిపోతే తోటి వాళ్లు భుజాన వేసుకొని పైకి తెచ్చారట. దవాఖానలో కళ్లు తెరిచేదాకా ఈమె మంచం పట్టె వదల్లేదట. బొగ్గు లోలోపల రాజుకుంటే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గనిలో దాన్ని కొలిచే పరికరాలు లేకపోలేదు. కానీ దిగే ప్రతి మనిషి జేబులో పట్టేంత చిన్నది, అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి చేయాలని ఈ పిల్ల పట్టుదల.

చేసింది కూడా. దువ్వెన పళ్లు ఒకదానిలోకి ఒకటి దూర్చినట్టుండే రాగి గీతలు, వాటి మీద ఆసిడ్‌లో విడదీసిన గ్రాఫీన్ పొరల పూత, కింద చిన్న బ్యాటరీ, తీగతో బయట తగిలించిన మీటరు, కరెంటు మారితే మోగే బజరు. చూడ్డానికి అబ్బా దుకాణంలో పక్కన పడేసిన ముక్కలా ఉండేది. నాకు ముద్దొచ్చింది.

సరిగ్గా అప్పుడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, గనులు బంద్. బొగ్గు లేక కరెంటు కూడా రాకడ పోకడగా ఉండేది. మా కాలేజీ గేటు ముందు శిబిరం వేశారు. క్లాసులు లేవు. ల్యాబ్ తాళం మాత్రం భిక్షపతి సార్ నా చేతిలో పెట్టాడు.

"పాఠాలు బందు పెడదాం రజియమ్మా. ఆలోచన ఎందుకు బందు పెట్టాలె?"

పొద్దున శిబిరంలో కూర్చునేవాళ్లం. పాటలు, ఉపన్యాసాలు. నేనూ మాట్లాడాను, గొంతు పోయేదాకా మాట్లాడాను. సినిమాల్లో మా యాసను రౌడీలకూ పనిమనుషులకూ తొడిగిన సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్లు చీర కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. అది పరిశోధన కాదు, కానీ నా బతుకులో చేసిన మంచి పనుల్లో అదొకటి.

కిటికీ కింద పొయ్యి

ఆ సమ్మెను చూడని వాళ్లకు వంటావార్పు అంటే ఏమిటో చెప్పాలి. రోడ్డు ఆపి, రాళ్లు పెట్టి, కట్టెల పొయ్యిలు రాజేసి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం వండి, అక్కడే వార్చి, అక్కడే బంతులు తీరి తినడం. అది మా నిరసన. ఒక రోజు లెక్చరర్లు వండితే ఇంకో రోజు వకీళ్లు వండేవాళ్లు, మరో రోజు దర్జీలు. మా గేటు ముందు రెండు మూడు రోజులకొకసారి పొయ్యి వెలిగేది. ల్యాబ్ కిటికీ సరిగ్గా దాని పైన.

సరిత తన పెట్టెను ఆ కిటికీలో పెట్టింది. కట్టెల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కదా. మాకు ఆ వాయువు సిలిండరు కొనే దారి లేదు, తెప్పించే లారీ లేదు. కింద ఊరికే వస్తున్నది. వంట మొదలైన కాసేపటికి బజరు మోగింది. సరిత మెట్లు దూకుతూ శిబిరంలోకి వచ్చింది.

"మేడం! లేసింది! పొగకు లేసింది!"

మళ్లీ వంటావార్పు రోజు మళ్లీ మోగింది. ఆ తర్వాత కూడా. వంట లేని రోజు మోగలేదు. ఇంకేం కావాలి అనుకున్నాం. వేరే ఊళ్లో, వేరే కాలంలో ఉన్న ల్యాబ్ ఏదీ ఇలా అనుకొని ఉండదు. ఎవరి కిటికీ కింద రెండు మూడు రోజులకొకసారి వందల మందికి అన్నం ఉడుకుతుంది? ఆ పొగను మేము మాకొచ్చిన బహుమతి అనుకున్నాం.

భిక్షపతి సార్ ఆనందానికి హద్దు లేదు. మైకు పట్టుకొని, "మనకు చేతకాదన్నోళ్లు జర వచ్చి సూడున్రి! ఉద్యమం పొయ్యి పక్కన మన బిడ్డ యంత్రం చేసింది. సమ్మె అయినంక అది బొగ్గు బాయిల దిగుతది!" అన్నాడు. పేపరు వాళ్లు రాసుకున్నారు. వార్త భూపాలపల్లి చేరింది. అక్కడి కార్మికుల శిబిరం నుంచి పిలుపు వచ్చింది, పెట్టెను తెచ్చి చూపించమని. మొగిలయ్య ఫోనులో బిడ్డతో మాట్లాడుతూ ఏడ్చాడట. సమ్మె ముగిసిన రోజు మొదటి షిఫ్టులో దాన్ని జేబులో పెట్టుకొని తానే దిగుతానని కాలనీ అంతా చాటాడట.

బియ్యం రాని పూట

భూపాలపల్లి పోవలసిన వారంలోనే ఇంకో వంటావార్పు వచ్చింది. పొయ్యిలు రాజేశారు. గంజులు కడిగి బోర్లించారు. బియ్యం తెచ్చే ఆటో మాత్రం రాలేదు. మన వాళ్లే వేసిన రాస్తారోకోలో, మన బియ్యమే ఇరుక్కుపోయింది. అందరూ నవ్వుకుంటూ మంట ఆరకుండా కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నారు.

నేను పైన ల్యాబ్‌లో ఉన్నాను. గాలి మా వైపే కొడుతోంది. పొగ కిటికీలోంచి లోపలికి కమ్ముకుంది. దగ్గు ఆగలేదు, కళ్లలో నీళ్లు. పెట్టె వైపు చూశాను. చప్పుడు లేదు. బ్యాటరీ చూశాను, బాగానే ఉంది. మీటరు ముల్లు ఉన్న చోటే ఉంది. ఇంత పొగలో ఎందుకు మోగదు?

చాలాసేపటికి ఆటో వచ్చింది. బియ్యం పోశారు. ఉడికింది. మగవాళ్లు ఇద్దరు గంజును వంచి గంజి వార్చేసరికి ఆవిరి తెరలా పైకి లేచి కిటికీని తాకింది. బజరు గుక్క తిప్పుకోకుండా మోగింది.

వెంకటనారాయణ గారు ఎదురుగా నిలబడి చెయ్యి చాచినట్టే అనిపించింది. మేము ఒక్కనాడూ ఖాళీది చూడలేదు. అన్నం లేని పొయ్యిని చూడలేదు. ఆ పూట బియ్యం ఆలస్యమై ఆ కొలతను మాకు తెచ్చిపెట్టింది.

సరితను పిలిచాను. కిటికీ మూసి, మూకుడులో బాగా కాలిన నిప్పులు వేసి పెట్టె పక్కన ఉంచాం. నిప్పుల్లో విషవాయువు ఉంటుంది, తడి ఉండదు. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. తర్వాత నిప్పులు తీసేసి, కిటికీ తెరిచి, గాలి మారాక చాయ్ గిన్నెలో వేడినీళ్లు తెచ్చి మూత తీశాం. మోగింది. మూత పెట్టాం, కాసేపటికి ఆగింది. మళ్లీ తీశాం, మళ్లీ మోగింది. ఆ పిల్ల చేసిన పరికరం కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు, నీటి ఆవిరిని పసిగడుతోంది. అలాంటి పూతకు తడి అంటే ప్రాణం. ఆ వాయువును అది పట్టించుకునేది చాలా తక్కువ.

"పూత సరిగ్గ పడలేదేమో మేడం. ఇంకోటి చేస్త."

"ఎన్నయినా చెయ్యి. దీని గుణమే గది."

"గనిల సుత ఆవిరి ఉంటదా?"

"లోపలంతా తడే గదా బిడ్డా. ఆడ పెడితే ఆగకుంట మోగుతది. మోగుడు బందు కావాలని ముల్లును అక్కడి తడికి సరిజేస్తవనుకో, రేపు నిజంగ విషవాయువు వచ్చినా మోగది. మీ బాపు జేబుల ఉన్నదన్న ధైర్యంతోని ఇంకో నాలుగడుగులు లోపలికి పోతడు."

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. తర్వాత అన్న మాట నాకు సూదిలా దిగింది.

"మనోళ్లు ఏం చేసినా కాదనేటోళ్లు బయట మస్తుమంది ఉన్నరు మేడం. మీరు సుత గట్లనే అంటరా?"

"నేను కాదనలే సరితా. కొలిచిన."

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ ఏడ్చాను. ఆ పిల్ల అన్నదానికి కాదు. అందులో కొంత న్యాయం ఉన్నందుకు. దశాబ్దాలుగా చేతకాని వాళ్లన్న మాట పడ్డ మనుషులకు ఒక్క గెలుపు దొరికితే, దాన్ని గుండెలకు హత్తుకుంటారు. దాన్ని చేతిలోంచి లాక్కోవడానికి నాకు మనసు రాలేదు. అయినా తప్పలేదు.

భిక్షపతి సార్ మాట

మర్నాడు సార్‌కు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"రజియమ్మా, జర ఆగు. పేపర్ల వచ్చింది. ఇప్పుడు తప్పయిందంటే, మనకు చేతగాదని మొదటిసంది అంటున్నోళ్ల నోటికి మనమే అందిచ్చినట్టయితది. సమ్మె గెలవనియ్యి. తర్వాత చెప్పుదాం."

"సమ్మె అయిన నాడే మొగిలయ్య దాన్ని జేబుల పెట్టుకొని దిగుతడు సార్."

"దిగనియ్యం. ఏదో ఒకటి చెప్పి ఆపుదాం."

"ఏం చెప్పి ఆపుతరు?"

నేను మొదటిసారి ఆయన ఎదుట గొంతు పెంచాను. "గని గాలికి ఉద్యమం తెల్వది సార్. అది మనోడా పరాయోడా అని సూడది." ఐసు మోసిన మనిషి మీద అరిచాను.

ఈ సంగతిలో నా తీర్పు సూటిగా చెబుతాను. ఆయన అబద్ధాలకోరు కాదు. ఆయనకు ప్రజల మీద ఉన్న ప్రేమ కొలతను మింగేసింది. మీకూ ఇలాంటి పెద్దలు తగులుతారు. చెడ్డవాళ్లను ఎదిరించడం తేలిక. మంచివాళ్లు మంచి కారణంతో తప్పు చెప్పమన్నప్పుడు నిలబడటం కష్టం. అప్పుడు మీరు చూపించవలసింది కోపం కాదు, కొలత.

చివరికి ముగ్గురం ఒక మాట మీదకు రాలేదు. సరిత దగ్గరికి వెళ్లి ఒక్కటే చెప్పాను. "పెట్టె నీది. ఆడ మాట్లాడేది నువ్వు. నువ్వు చెప్పకపోతే నేను లేసి చెప్త." ఆమె పెట్టెను గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది.

రోడ్డు మీద అన్నం

అద్దె జీపులో భూపాలపల్లి పోయినం అని అనబోయాను, వెళ్లాం అని రాస్తున్నాను. చేతికి అలవాటైన రాత వేరు, నోటికి అలవాటైన మాట వేరు. పరకాల దాటేదాకా సరిత పెట్టెను ఒళ్లో పెట్టుకొని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అక్కడ కార్మికుల శిబిరం నిండిపోయింది. ఆ రోజు వాళ్లదీ వంటావార్పే. మొగిలయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకొని, నూనె రాసి తల దువ్వుకొని ఎదురొచ్చాడు. వచ్చిన ప్రతివాడికీ, "మా బిడ్డ, గీమెనే" అని చూపిస్తున్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. నాకు ఆయన ముఖంలోకి చూడటం చేతకాలేదు.

భిక్షపతి సార్ మైకు తీసుకొని రెండు మాటలు మాట్లాడి సరితకు ఇచ్చాడు. ఏం చెప్పాలో ఆమెకు చెప్పలేదు. అది ఆయన మంచితనం అని ఇప్పుడు అనిపిస్తుంది.

సరిత మైకు పక్కన పెట్టి ముందు పొయ్యి దగ్గరికి నడిచింది. గంజు ఇంకా పెట్టని పొయ్యి, పొగ బాగా వస్తోంది. పెట్టెను ఆ పొగలో పట్టుకొని నిలబడింది. కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గు వచ్చింది, కదల్లేదు. పెట్టె మోగలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో, "బ్యాటరీ అయిపోయినట్టున్నది బిడ్డా" అన్నారు.

అప్పుడు రెండో పొయ్యి దగ్గరికి వెళ్లి, ఉడుకుతున్న అన్నం గంజు మీద మూత తీసింది. ఆవిరి లేచింది. పెట్టె మోగింది. ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు, జై తెలంగాణ నినాదాలు. సరిత చెయ్యి ఎత్తి పట్టుకొని నిలబడింది, చప్పట్లు ఆగేదాకా.

"చప్పట్లు కొట్టకున్రి అన్నా. పొగకు మోగలే, ఆవిరికి మోగింది. అందరు చూసిన్రు గదా. నేను పొగకు మోగుతదనుకున్న, అందరికి గట్లనే చెప్పిన. అది తప్పు. గిది గనిల పనికి రాదు. ఎవలు సుత దీన్ని పట్టుకొని దిగొద్దు."

ఎవడో వెనక నుంచి నవ్వాడు. ఇంకొకడు, "మరి పేపరోళ్లను ఎందుకు పిలిచిన్రు?" అని అరిచాడు. నేను లేవబోయాను. భిక్షపతి సార్ నా కంటే ముందు లేచి, "నేను పిలిచిన. నా తొందర" అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, విస్తళ్లు అందుకొని, బంతిలో కూర్చున్న వాళ్లకు వడ్డించడం మొదలుపెట్టాడు. పెట్టిన ప్రతి విస్తరి దగ్గరా ఆయన వంగిన తీరు నేను మరిచిపోలేదు.

మొగిలయ్య అన్నం తినలేదు. బంతి లేవకముందే ఇంటి దారి పట్టాడు.

మేమూ వెనకే వెళ్లాం. కాలనీలో రెండు గదుల క్వార్టరు. ఆయన గుమ్మంలో కూర్చొని ఉన్నాడు. చొక్కా విప్పి దండెం మీద వేశాడు, బనీను మీద ఉన్నాడు. సరిత ఆయన ఎదురుగా నేల మీద కూలబడింది. పెట్టె మధ్యలో ఉంది.

"బాపూ, నీ ఇజ్జత్ తీసిన."

ఆయన పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. నోటి దగ్గర పెట్టుకొని ఊదాడు. ఊపిరి తడికి అది మోగింది. ఉలిక్కిపడి, ఇంత దుఃఖంలోనూ నవ్వాడు. సరిత ఏడుస్తూనే నవ్వింది.

"దీనికి ఇంకెన్నేండ్లు పడతది మేడం?" అని నన్ను అడిగాడు.

"తెల్వది అన్నా."

ఆయన పెట్టెను బిడ్డ చేతిలో పెట్టి, ఆ చెయ్యిని అలాగే పట్టుకున్నాడు.

"ఇన్ని దినాలు నా బిడ్డ చేసిందని దిగుతననుకున్న. ఇప్పుడు సంగతి వేరే. నువ్వు అయిందన్ననాడు దిగుత. ఇంకెవలు చెప్పినా దిగ. మీ సార్ చెప్పినా దిగ, గీ మేడం చెప్పినా దిగ. నువ్వే చెప్పాలె."

మొగిలయ్య గని పని నుంచి రిటైరై కొన్నేళ్లయింది. సరిత హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఈ పని మీదే ఉంది. తడిని దగ్గరికి రానివ్వని పొర ఒకదాన్ని గ్రాఫీన్ మీద కప్పి చూస్తోంది. ఖాళీ కొలతలు నా కంటే ఎక్కువ తీస్తుందని ఆమె విద్యార్థులు నాతో మొర పెట్టుకున్నారు. పోయిన నెల ఫోను చేసి, అయిందా అని అడిగాను.

"ఇంకా కాలే మేడం" అంది.